పాత అమెరికా డాలర్: ముందు కాటా, తర్వాతే ధర

అమెరికా నుంచి వచ్చిన బంధువులు ఇచ్చిపోయారనో, జుమేరాత్ బజార్‌లో పాత సామాను కుప్పలో కనబడిందనో హైదరాబాద్‌లో అమెరికా నాణేలు చేతులు మారుతూనే ఉంటాయి. అందరూ ఆశపడేది పెద్ద వెండి డాలర్ మీదే. నకిలీలు కొల్లలుగా ఉన్నదీ దానికే. అందుకే యూట్యూబ్‌లో ధర వెతికేముందు 0.01 గ్రాము దాకా చూపే జేబు కాటా ఒకటి కొనుక్కోండి.

ఈ వెండి డాలర్లలో ఒక రకమైన మోర్గాన్ డాలర్ (1878–1904, మళ్ళీ 1921) అసలు బరువు 26.73 గ్రాములు, అడ్డం కొలత 38.1 మిల్లీమీటర్లు. 1921లో మొదలైన పీస్ డాలర్‌కీ ఇవే కొలతలు. ట్రేడ్ డాలర్ అనే ఇంకో రకం బరువు 27.22 గ్రాములు. అరిగిన నాణెం కాస్త తక్కువ తూగడం మామూలే. కానీ బొమ్మ నిన్ననే అచ్చేసినట్టు ఉండి, కాటా 22 దగ్గర ఆగితే అది వెండి కాదు. ట్రేడ్ డాలర్ విషయంలో ఒక్కోసారి కాటా కూడా అక్కర్లేదు. అది పుట్టిందే 1873లో, దాని మీద 1872 అనో 1863 అనో వేసి అమ్మేవాళ్ళున్నారు!

అయస్కాంతానికి అంటుకోలేదు కాబట్టి వెండే అనుకోవద్దు, ఇత్తడీ అంటుకోదు. నీళ్ళ పరీక్ష మేలు. కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. అప్పుడు కాటా చూపిన అంకెతో నాణెం బరువును భాగిస్తే, 90 శాతం వెండి ఉన్న నాణేనికి 10.3 దరిదాపుల్లో రావాలి. అంటే మోర్గాన్‌కు కాటా 2.6 దగ్గర నిలవాలి. 3 దగ్గరికి వచ్చినా, దాటినా రాగి, నికెల్, ఇత్తడి బాపతు. నాణేనికి గాలి బుడగ పట్టి ఉంటే మాత్రం అసలుది కూడా నకిలీలా కనబడుతుంది, ఒకసారి కదిలించి మళ్ళీ చూడండి.

వెండి అని తేలాక అడుగు ధర తెలిసినట్టే. మోర్గాన్, పీస్ డాలర్లలో మేలిమి వెండి 24.06 గ్రాములు, ఆరోజు రేటుతో గుణించుకోవడమే. అంతకు పైన పలికేదంతా ఏ టంకశాలలో అచ్చయిందో చెప్పే ఒక చిన్న అక్షరం మీద, నాణెం ఉన్న తీరు మీద ఆధారపడుతుంది. పాతదైనంత మాత్రాన ఎక్కువ పలకదు.

ఆ అక్షరం మోర్గాన్‌కు వెనకవైపు, దండ ముడికి దిగువన ఉంటుంది. ఎస్ అంటే శాన్ ఫ్రాన్సిస్కో, ఓ అంటే న్యూ ఆర్లీన్స్, సీసీ అంటే కార్సన్ సిటీ, డి అంటే డెన్వర్ (1921లో మాత్రమే). ఏమీ లేకుంటే ఫిలడెల్ఫియా. 1921 ఫిలడెల్ఫియా డాలర్లు 4.4 కోట్లకు పైగా అచ్చయ్యాయి, అరిగినవి వెండి ధరకు కాస్త పైన పోతాయి. 1893 ఎస్ వేసింది లక్షే. అందుకే 1893 ఫిలడెల్ఫియా నాణేనికి ఎస్ అతికించే పనిమంతులు పుట్టుకొచ్చారు. పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో ఆ ఎస్ మొదట్లో అతుకు ఉందేమో చూడండి. అసలైనదానికి ముందువైపు లిబర్టీ అన్న మాటలోని టీ అక్షరం పైభాగంలో సన్నటి వాలు గీత ఉంటుంది.

ఇక మన ఇళ్ళలో జరిగే ఘోరం చింతపండు, పీతాంబరి. రాగి బిందెకు అది సింగారమే, నాణేనికి చావు. అచ్చు పడేటప్పుడు లోహం పారి ఏర్పడ్డ సన్నని గీతల వల్లే, దీపం కింద తిప్పితే వెలుగు చక్రంలా తిరుగుతుంది. ఒక్కసారి రుద్దితే ఆ గీతలు పోతాయి, మళ్ళీ రావు. అలా రుద్దినదానికి, నాణెం అసలుదో కాదో, ఎంత బాగుందో చూసి చెప్పే గ్రేడింగ్ సంస్థలు మామూలుగా 1 నుంచి 70 దాకా ఇచ్చే అంకె ఇవ్వవు, ‘డీటెయిల్స్’ అని రాసి పంపుతాయి. మెత్తటి పీవీసీ కవర్ల వల్ల పచ్చటి జిగురు పడితే స్వచ్ఛమైన అసిటోన్‌లో నానబెట్టి తీయవచ్చు. గోళ్ళరంగు తుడిచే ద్రవం వద్దు, అందులో వేరే నూనెలుంటాయి.

సెంట్లలో 1943 నాటి రాగి సెంటు గురించే ఎక్కువ గోల. ఆ ఏడాది సెంట్లు దాదాపు అన్నీ జింక్ పూసిన ఉక్కువి, 2.7 గ్రాములు. రాగి రంగులో కనబడి అయస్కాంతానికి అంటుకుంటే పైన రాగి పూత పూసిందే. అంటుకోకుండా 3.11 తూగితే అప్పుడు అంకెలను భూతద్దంతో చూడాలి, 1948లోని 8ని గీకి 3 చేసి ఉండవచ్చు.

టోకెన్ల లెక్క వేరు. అమెరికా అంతర్యుద్ధంలో చిల్లర దొరక్క వ్యాపారులు సెంటు సైజులో సొంతంగా అచ్చేయించుకున్న బిళ్ళల మీద ఎక్కువగా 1863 ఉంటుంది. కొన్నింటి మీద ‘వన్ సెంట్’ పెద్దగా, దాని పైన ‘నాట్’ చిన్నగా ఉంటుంది. తెలివి చూడండి! 1864లో చట్టం చేసి వీటిని ఆపించారు. వీటి అరుదును ఆర్1 (5000కు పైగా) నుంచి ఆర్10 (ఒక్కటే) వరకు లెక్కిస్తారు. అయినా ఐదు నుంచి పది మాత్రమే మిగిలిన ఆర్8 టోకెన్, లక్ష అచ్చయిన 1893 ఎస్ కంటే చాలా చవగ్గా దొరుకుతుంది, ఎందుకంటే దాన్ని కోరేవాళ్ళు తక్కువ. ధర చూసేటప్పుడు కూడా అడిగిన ధర వదిలేసి, వేలంలో అమ్ముడైన ధరే చూడండి. కొంటామంటూ ముందే కమీషన్ కట్టమనేవాళ్ళను నమ్మవద్దని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు సీలు చేసిన డబ్బాలో ఉన్న నాణెమైతే దాని మీది నంబరును వాళ్ళ సైట్లో కొట్టి, ఫొటో ఉంటే పక్కన పెట్టి పోల్చండి, డబ్బాలకూ నకిలీలున్నాయి. విడి నాణేన్ని గ్రేడింగ్‌కు అమెరికా పంపాలనుకుంటే 1972 పురావస్తు చట్టం గుర్తుంచుకోండి. నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. పార్శిల్ కట్టకముందే పురావస్తు శాఖను అడగాలి.