కరెంటు గది, ఇసుక సంచి

మన ఫిజియోథెరపీ పూర్వ విద్యార్థుల సమావేశ సంచికకు వ్యాసం అడిగిన మిత్రులు, హాస్టల్ మెస్సు గురించి ఇద్దరు ముందే రాసేశారని చెప్పారు. అందుచేత నాకు ఎలక్ట్రోథెరపీ గది, అంటే నొప్పులకు యంత్రాలతో చికిత్స చేసే గది, మిగిలింది.

మనకు అదంటే ఎంత మోజో గుర్తుంది కదా! షార్ట్‌వేవ్ డయాథర్మీతో లోపలికి వేడి, అల్ట్రాసౌండ్‌తో ధ్వని తరంగాలు, టెన్స్‌తో చర్మం మీద సన్నటి కరెంటు, వెన్ను సాగదీసే ట్రాక్షన్ బల్ల. పక్కనున్న వ్యాయామ గదిలోకి ఎవరం తొంగి చూసేవాళ్ళం కాదు. రోగులూ అంతే. చేపల రేవు నుంచి, పోర్టు నుంచి వచ్చినవారైనా, సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచి మర్నాడు కుంటుతూ వచ్చినవారైనా, అందరిదీ ఒకటే మాట: "కాస్త కరెంటు పెట్టండి బాబూ."

వ్యాయామ గది మేడం మాత్రం ముందు "మీరేం పని చేస్తారు?" అని అడిగేవారు. నడుము నొప్పితో వచ్చిన పడవ నడిపే ఒక పెద్ద వయసు సరంగు "వల లాగుతానమ్మా" అంటే, దుప్పటి చుట్టి చేతికిచ్చి లాగి చూపమన్నారు. ఆయన సిగ్గుపడుతూనే మొదలుపెట్టి, కాసేపటికి పడవ మీదే ఉన్నట్టు కాళ్ళు ఎడంగా పెట్టి, అరుస్తూ లాగారు. మేము నవ్వాం. మేడం నవ్వలేదు; ఏ కాలు మీద బరువు పడుతోందో, తుంటి ఎక్కడ ఆగిపోతోందో మాచేత రాయించారు. తరువాత ఇసుక సంచికి తాడు కట్టి, బరువు మెల్లగా పెంచుతూ ఆయనచేత లాగించారు. పని మానెయ్యమనలేదేమని ఒకరు అడిగితే, "ఆయన మానేస్తే ఇంట్లో పొయ్యి నువ్వు వెలిగిస్తావా?" అన్నారు.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పిపై మార్గదర్శకాలు విడుదల చేసింది. రోగికి నొప్పి గురించి వివరించి చెప్పడం, వ్యాయామం చేయించడం మంచిదన్నది. ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, టెన్స్, నడుము బెల్టు మామూలుగా వాడవద్దన్నది. మన ముచ్చటైన గదిలో సగం సామాను ఆ జాబితాలో ఉంది! అయినా క్లినిక్ పెట్టుకున్న మన మిత్రులను తప్పుపట్టలేను. యంత్రం పెడితే రోగి డబ్బిస్తాడు, అరగంట కూర్చోబెట్టి మాట్లాడితే "ఈయన ఏం చేశాడు?" అంటాడు.

వృత్తి గౌరవం కోసం మనం చేసిన పోరాటాలు చిన్నవి కావు. మనలాంటి ఆరోగ్య వృత్తులవారికి జాతీయ కమిషన్ ఏర్పరిచే చట్టం 2021లో గానీ రాలేదు. 2025లో సెప్టెంబరు 8న ఫిజియోథెరపీ దినోత్సవం జరుపుకొన్న మర్నాడే, పేరు ముందు 'డాక్టర్' పెట్టుకోవద్దని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ వచ్చింది. ఆ మరునాడే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ రెండు రోజులు మన వాట్సాప్ బృందం నిద్రపోలేదు. నిజం చెప్పాలంటే, నాకు ఆ 'డాక్టర్' మాట మీద అంత పట్టింపు లేదు. మన రోగుల గురించి మన దగ్గర లెక్కలు లేకపోవడమే నాకు ఎక్కువ బాధ.

నడుము నొప్పి వల్ల రోజువారీ పనులకు ఎంత ఇబ్బందో కొలవడానికి రోలాండ్–మోరిస్ ప్రశ్నావళి ఉంది. అందులో 24 వాక్యాలు. మెట్లెక్కడం, బట్టలు వేసుకోవడం, మంచం మీద దొర్లడం ఉన్నాయి. వల లాగడం లేదు. దానికి మన రేవు పనుల పట్టిక ఒకటి జోడించి, క్లినిక్ ఉన్న ప్రతి ఒక్కరం వచ్చిన రోగులచేత చికిత్సకు ముందు, తరువాత నింపిద్దాం. సమావేశంలో భోజనాలయ్యాక అరగంట ఇవ్వండి. ఫారాలు నేను అచ్చు వేయించి తెస్తాను.