రెండో సాక్షి

నాన్న చేతులు చూసి ఆ పెద్దావిడ, "మీరు రైతా?" అని అడిగింది. నేను తెలుగులో చెప్పేలోపే ఆయన తలూపారు. తొమ్మిదేళ్లుగా అమెరికాలోని నెబ్రాస్కాలో ఉన్నాను. మా నాన్న ఏం చేస్తారని ఇక్కడ నన్ను అడిగినవాళ్లు లేరు.

లింకన్ నగరం నుంచి గంట లోపే వెళ్లొచ్చు, బియాట్రిస్ దగ్గరున్న హోమ్‌స్టెడ్ పార్కుకి. ఆవిడ అక్కడ వాలంటీరు. 1867లో కట్టిన ఓ దుంగల ఇంటిని తెచ్చి నిలబెట్టారక్కడ. పద్నాలుగు అడుగులు, పదహారు అడుగులు, అంతే. అందులోనే పదిమంది పిల్లలతో కాపురం చేశారట. బయట నిలువెత్తు గడ్డి. "ఇంత మంచి నేల బీడు పెట్టారేంట్రా?" అన్నారు నాన్న. పాతకాలపు గడ్డి మైదానం మళ్లీ రావాలని 1939 నుంచి కావాలనే పెంచుతున్నారని చెప్పినా ఆయన మనసు ఒప్పుకోలేదు.

సాగు చేసుకునేవాళ్లకి ప్రభుత్వ భూమి ఇచ్చిన 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం గురించి ఆవిడ ఓపిగ్గా చెప్పింది. కొద్దిపాటి రుసుము కట్టి, ఐదేళ్లు అక్కడే ఉండి, ఇల్లు కట్టి, దున్ని, ఇద్దరు సాక్షుల్ని తెస్తే 160 ఎకరాలు వాళ్లదే. పౌరసత్వం తీసుకుంటానని రాసిచ్చిన పరదేశి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

"ఊరికే ఇచ్చేశారు నాన్నా" అన్నాను.

ఆయనకి కోపం వచ్చింది. "ఊరికే ఏంట్రా?"

ఈ పార్కు ఉన్న నేల డేనియల్ ఫ్రీమన్ అనే ఆయనది. పట్టా కోసం ఆయన తరఫున ఇద్దరు సాక్షులు ఇచ్చిన వాంగ్మూలంలో ఆయన చేసిందంతా ఉంది: సాగు చేసిన భూమి సుమారు 35 ఎకరాలు, వంద అడుగుల గొర్రెల కొట్టం, 40 ఆపిల్ మొక్కలు, 400 దాకా పీచ్ మొక్కలు. "నాలుగొందల మొక్కలకి నీళ్లెవరు మోశార్రా?" అన్నారు నాన్న. నా దగ్గర జవాబు లేదు.

"అంతకుముందు ఎవరిది?" అని కూడా అడిగారు. ఓటో-మిస్సూరియా అనే ఆదివాసీ తెగదని చెప్పాను. ప్రభుత్వంతో ఒప్పందాల వల్ల ఈ ప్రాంతం వాళ్ల చేయి దాటిపోయింది. 1881లో ఇప్పటి ఓక్లహోమాకి తరలిపోయారు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

వచ్చేముందు ఆవిడ, నేను వచ్చి ఎన్నాళ్లయిందో అడిగింది. తొమ్మిదేళ్లన్నాను. "అయితే మీరు మావాళ్లే" అంది, మనస్ఫూర్తిగా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్లకి ఐదేళ్లు చాలాయి. నేను తొమ్మిదేళ్లుగా పన్ను కడుతున్నా, ఇండియాకి వెళ్లిన ప్రతిసారీ వీసా స్టాంపింగ్ టెన్షనే. గ్రీన్ కార్డు లైను ఎప్పటికి కదులుతుందో తెలీదు. భూమి పోగొట్టుకున్నవాళ్ల ముందు నాదేపాటి కష్టం? అయినా ఆవిడ మాట దగ్గరే మనసు తిరుగుతోంది. నాకు ఇద్దరు సాక్షులు కావాలంటే ఎవరొస్తారు? ఎదురింటాయన వస్తాడు. పోయిన జనవరిలో నేను ఊరెళితే నా ఇంటి ముందు మంచు తనే ఎత్తిపోశాడు.

రెండో పేరు కోసం తెల్లవారేదాకా వెతికాను.