కర్నూలు పేరున్న ఖడ్గమృగం

బేతంచెర్ల స్టేషన్ బయట ఆటో అతను ఎనిమిది వందలు అన్నాడు. నాలుగైదు కిలోమీటర్ల దూరానికి! "పోను రాను, మళ్లీ ఆడ ఆగాల గద న్నా" అని లెక్క చెప్పాడు. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి కూకట్‌పల్లి పోవచ్చు, దారిలో బిర్యానీ కూడా తినొచ్చు. ఆరు వందలకు తెగింది. అప్పటికే డోన్‌లో రైలు కోసం రెండు గంటలు పడిగాపులు కాసి ఉన్నాను. పొద్దున తిన్న ఉగ్గాని బజ్జి ఎప్పుడో అరిగిపోయింది. బేరమాడే ఓపిక లేదు.

"బిల్లసర్గంలో ఏముందని పోతాండావు? షూటింగా?" అన్నాడు.

ఖడ్గమృగం కోసం అన్నాను. ఆటో నెమ్మదించింది. అద్దంలో నా మొహం చూశాడు.

తప్పు అతనిది కాదు. కర్నూల్లో పుట్టి పెరిగిన నాకే నలభై ఏళ్లు వచ్చేదాకా తెలియదు. చిన్నప్పుడు ఖడ్గమృగాన్ని చూడాలంటే స్కూలు వాళ్లు హైదరాబాద్ జూకి తీసుకెళ్లాల్సి వచ్చింది. మొన్నామధ్య కాజీరంగాలో జీపుకి వేలు పోసి, పొగమంచులో దాని వెనుక భాగం చూసి వచ్చాను. తీరా చూస్తే, మా జిల్లా పేరు పెట్టుకున్న ఖడ్గమృగమే ఒకటి ఉందట. రైనోసెరస్ కర్నూలియెన్సిస్. ఇప్పుడు బతికి లేదు. ఇప్పటి ఖడ్గమృగాలకు దగ్గరి చుట్టం. దాని ఎముకలు దొరికింది ఈ బిల్లసర్గం గుహల్లోనే.

దారి పొడవునా బండల ఫ్యాక్టరీలే. రాతి పొడి చెట్ల మీద, కరెంటు తీగల మీద, పడుకున్న కుక్కల మీద. ఆటో అతను కూడా పన్నెండేళ్లు పాలిష్ మిషన్ మీద పనిచేశాడట. దగ్గు పట్టుకుని మానేశాడు. "రాయి మాకు బువ్వ పెట్టింది న్నా, రాయే ఊపిరి తీసుకుంది" అని మామూలుగా, టైరు పంక్చరైన సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆరు వందల గురించి నాకున్న కోపం అక్కడితో పోయింది.

గుహలంటే బెలుం లాగా లైట్లు, మెట్లు, టికెట్ కౌంటర్ ఊహించుకోవద్దు. ఇక్కడ పైకప్పులు ఎప్పుడో కూలిపోయి గుహలు నెర్రె విచ్చుకున్న లోయలా ఉంటాయి. పైనుంచి చెట్ల వేర్లు వేలాడుతుంటాయి. ఒకచోట కూలకుండా మిగిలిన రాయి కమానులా నిలబడి ఉంది. లోపలికి నాలుగడుగులు వేస్తే గబ్బిలాల కంపు. చెమట. ఫోన్ టార్చి.

1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఈ గుహల్లో ఎముకలున్నాయని రాశాడు. తర్వాత నలభై ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1884లో జియలాజికల్ సర్వే నుంచి రాబర్ట్ బ్రూస్ ఫుట్ వచ్చాడు. తవ్వకంలో ఎక్కువ భాగం ఆయన కొడుకు హెన్రీ చేయించాడు. మనవాళ్లు బిలస్వర్గం అని పిలుచుకునే ఈ చోట ఫుట్ ఒక గుహకి కెథడ్రల్ అని, ఇంకోదానికి ఛార్నెల్ హౌస్, అంటే ఎముకల కొట్టు అని పేర్లు పెట్టాడు. మరోదానికి పర్గటరీ! మన స్వర్గంలో ఆయనకి పాపాలు కడుక్కునే చోటు కనిపించింది. మే నెలలో వచ్చాడేమో.

ఆ ఎముకలు చూసి 1886లో లిడెక్కర్ అనే శాస్త్రవేత్త కొత్త జాతి అని తేల్చి మా ఊరి పేరు పెట్టాడు. ఖడ్గమృగం ఒక్కటే కాదు, ఇప్పుడు లేని ఒక పెద్ద పళ్ల ఏదుపందిని కూడా ఆ ఎముకల్లో గుర్తించాడు.

నేను గోడ వారన ఎర్రమట్టి గీకుతూ కూర్చున్నాను, ఏదో దొరికేస్తుందన్నట్టు. గోళ్లలో మట్టి తప్ప ఏమీ రాలేదు. ఆటో అతను మాత్రం వంగి ఒకటి తీశాడు. జానెడు పొడవు, నలుపు తెలుపు పట్టీలు, కొన సూదిలా. "ఏదుపంది ముల్లు. రాత్రిళ్లు తిరుగుతాయి." ఏదుపందులు ఎముకలు గుహల్లోకి ఈడ్చుకొచ్చి కొరుకుతాయని ఎక్కడో చదివాను. మా ఖడ్గమృగం కూడా తన కాళ్లతో కాక, ముక్కలుగా వీటి పళ్ల మధ్యే లోపలికి వచ్చిందేమో. బయట జొన్న కొయ్యకాళ్లు, కంపచెట్లు, ఎండిన వంక. బురదలో పొర్లే జంతువు ఇక్కడెలా బతికిందో ఎంత ఊహించినా నా బుర్రకి ఎక్కలేదు.

అక్కడున్న గంటన్నరలో ఖడ్గమృగం పేరు ఒక్క చోట కూడా రాసి కనిపించలేదు. ప్రేమికుల పేర్లు మాత్రం దండిగా ఉన్నాయి.

తిరుగుదారిలో విషయమంతా చెప్పాను. "కర్నూలు పేరా, దానికా? అయితే మనోడే" అన్నాడు. ముల్లు నాకివ్వలేదు, పాపకి చూపిస్తానని జేబులో పెట్టుకున్నాడు.

స్టేషన్ దగ్గర టీ తాగుతుంటే అంగడి ముసలాయనకి చెప్పడం మొదలుపెట్టాడు. "బిల్లసర్గంలో ఖడ్గమృగం ఉండెనంట పెద్దాయనా. ఎనుము కంటే పెద్దది." నేను సైజు సంగతి అసలు చెప్పనే లేదు. రెండో టీ వచ్చేసరికి ఏనుగంత అయింది. ముసలాయన గ్లాసు కడుగుతూ, "మా తాత చెప్తాండె" అన్నాడు.