మూడో చరణంలో ఆరు ఫ్రేములు

మళ్ళీ మూడో చరణమే దెబ్బకొట్టింది. మా కుర్చీ బతుకమ్మ డాన్స్ ఫిల్మ్ కొత్త టేక్‌ని రాత్రి ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద వేసి చూశాను. రెండు చరణాల దాకా చప్పట్లు పాటకి అతికినట్టు పడ్డాయి, మూడోది మొదలవగానే వలయంలో కుడివైపు సగం మంది వెనకబడ్డారు, నాలుగో చరణానికల్లా అసలేమీ జరగనట్టు మళ్ళీ అందరూ కలిసిపోయారు. తప్పు ఎక్కడుందో తెలిస్తే ఇంత మంట ఉండేది కాదు. వచ్చిపోయే తప్పు ఇది, పట్టుకుందామంటే చిక్కదు.

కొత్తగా చదివేవాళ్ళకి ఒక్క మాట. హనుమకొండలో సుబేదారి వైపు ఒక కమ్యూనిటీ హాల్లో మా టీచర్ పెద్దవాళ్ళకి డాన్స్ క్లాసు చెప్తుంది, నేను దాన్ని ఐదు నిమిషాల లోపు డాన్స్ ఫిల్మ్‌గా తీయాలని కూర్చున్నాను. మోకాళ్ళు అరిగినవాళ్ళు, తుంటి ఆపరేషన్ అయినవాళ్ళు, చేతికర్రతో వచ్చేవాళ్ళు ఉన్నారు కాబట్టి కుర్చీల మీదే బతుకమ్మ ఆడిస్తున్నాం. పక్కకి వేసే అడుగు బదులు మడమ పక్కకి తాటించాలి, వంగడం నడుము దగ్గర నుంచి, ఆ తర్వాత చప్పట్లు. క్లాసు వరస మా సొంతం కాదు. 2001లో బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ డాన్స్ గ్రూప్ పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవాళ్ళకి మొదలుపెట్టిన క్లాసుల పద్ధతే: ముందు కూర్చుని, తర్వాత కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, చివరికి ఓపిక ఉన్నవాళ్ళు కుర్చీ వదిలేసి.

సక్కగా కుదిరినవి ముందే చెప్పేస్తా. ట్యూబ్‌లైట్ చారలు పోయాయి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 దగ్గర లాక్ చేశాను. కుర్చీలు జారడం ఆగింది, చేతుల్లేని ఇనుప కుర్చీలకి రబ్బరు బూట్లు తొడిగాం. (ప్లాస్టిక్ కుర్చీ ఏ కంపెనీదైనా సరే, పాలిష్ బండల మీద పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఆడించొద్దు, నా మాట వినండి.)

ఇక చప్పట్ల సంగతి. కొలిచే పద్ధతి మోటుదే. అరచేతులు కలిసిన ఫ్రేము ఎక్కడుంది, పాటలో ఆ దెబ్బ ఎక్కడుంది, మధ్య ఎన్ని ఫ్రేములు అని లెక్కపెట్టడం. సెకనుకి 30 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేముకి సుమారు 33 మిల్లీసెకన్లు. మూడో చరణంలో కుడివైపు వాళ్ళు 5 నుంచి 7 ఫ్రేముల ఆలస్యం, ఎక్కువమంది 6 దగ్గర. అంటే 200 మిల్లీసెకన్లు. వినడానికి చిన్నదే గానీ తెర మీద చేతులు ఒకచోట, శబ్దం ఒకచోట, డబ్బింగ్ సినిమా లెక్క కనిపిస్తుంది.

మొదటి అనుమానం ఫోను మీద. వీడియో ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫోలో చూస్తే ఫ్రేమ్ రేట్ 'వేరియబుల్' అని ఉంది, అంటే సెకనుకి ఫ్రేముల సంఖ్య మారుతూ ఉంటుంది, సాయంత్రం వెలుతురు తగ్గినప్పుడు 24కి కూడా పడిపోయింది. 4 నిమిషాల 40 సెకన్ల పాట చివరికి వచ్చేసరికి బొమ్మ శబ్దం నుంచి మొత్తంగా 9 ఫ్రేములు జారింది. వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (మారని) ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చాక చివర్లో ఒక్క ఫ్రేము తేడా మిగిలింది, అది పట్టించుకోనక్కర్లేదు. ఇప్పుడైతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లోనే రేటు లాక్ చేసి తీస్తున్నాను. ఉచితం, పైగా ఫోనుతో వచ్చే కెమెరా యాప్ కంటే డాన్స్‌కి వందరెట్లు నయం. కానీ ఇదంతా చేసినా మూడో చరణం అలాగే ఉంది. జారుడు పోయింది, కుంటు పోలేదు.

తర్వాత అందరూ వేలు చూపించింది బ్లూటూత్ మీద. బ్లూటూత్ స్పీకర్ ఆలస్యంగా పలికే మాట నిజమే, కానీ ఆ ఆలస్యం పాట మొదట్నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది. హాల్లో జనం వినేదీ, కెమెరా మైకు వినేదీ ఆ ఆలస్యమైన పాటే. నేను ఎడిటింగ్‌లో శుభ్రమైన ట్రాక్‌ని కెమెరా శబ్దానికి జతపరుస్తాను కాబట్టి దానివల్ల నష్టం లేదు. అయినా వాదన ఎందుకని వైరుతో కలిపి చూపించాను. మూడో చరణం మారలేదు.

దూరం ఏమో అన్నాడు ఒక మిత్రుడు. స్పీకర్ తలుపు దగ్గర, చివరి కుర్చీ 7 మీటర్ల దూరం. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది, లెక్క వేస్తే 20 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేము కూడా కాదు.

మరి 200 ఎక్కడి నుంచి వచ్చింది? కంటితో చూసి చెయ్యి కదపడానికి మనిషికి మామూలుగా పట్టే టైమ్ దాదాపు అదే, వయసు పెరిగితే ఇంకొంచెం ఎక్కువ. అంటే ఆ కుడివైపు వాళ్ళు పాట విని కొట్టడం లేదు, ఎవరినో చూసి కొడుతున్నారు. వీడియో మళ్ళీ తిప్పి చూస్తే దొరికింది. మూడో చరణంలో చేతులు ఎడమకి ఊపాలి కాబట్టి వలయం మధ్యలో ఉన్న టీచర్ అటు తిరుగుతుంది. కుడివైపు వాళ్ళకి ఆమె వీపు, జడ తప్ప చేతులు కనపడవు. పాపం వాళ్ళు ఎదుటి వరసలో వాళ్ళ చేతులు చూసి అందుకుంటున్నారు. తర్వాతి క్లాసులో ఆమెని కుడివైపు తిరిగి చెయ్యమన్నాను. ఆలస్యం ఎడమవైపుకి మారింది! నేను ఎగిరి గంతేశాను, హాల్లో వాళ్ళు మాత్రం 'ఈ పిల్లకేమైంది' అన్నట్టు చూశారు.

అయితే ఇది సగం జవాబే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పాడుతున్న పాటకి వీళ్ళు ఒకరి చేతులు చూడాల్సిన ఖర్మ ఏంటి, అదీ మూడో చరణంలోనే? ట్రాక్‌ని హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. మూడో చరణంలో డప్పు ఆగిపోయి ఫ్లూటు, సన్నటి ఆడగొంతు మాత్రమే ఉంటాయి. వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నటి శబ్దాలనే మింగేస్తుంది. దానికి తోడు పైన ఫ్యాన్లు ఐదు మీద తిరుగుతుంటాయి, మా చిన్న స్పీకర్‌లో బరువైన శబ్దం ఎలాగూ ఉండదు. అంటే ఆ చరణంలో వాళ్ళకి అసలు తాళమే వినపడటం లేదని నా అంచనా. స్టూడియోలో పాట చేసినవాళ్ళకి అది అందమైన విరామం, మాకు గొయ్యి.

అందుకే నిజం డప్పు పెట్టి చూశాం. డప్పు వాయించే తమ్ముడు వచ్చాడు, వాన ముసురుకి తోలు వదులైపోయి 'బద్ బద్' అంటుంటే బయట నాలుగు అట్టముక్కలు తగలబెట్టి కాచాడు. లోపల వాయిస్తే ఆలస్యం 2 ఫ్రేములకి పడిపోయింది. కానీ ఇద్దరు అమ్మలు చెవులు మూసుకున్నారు. చెవుడు ఉన్నవాళ్ళకి గట్టి శబ్దం ఇష్టం అనుకుంటారు చాలామంది, అది తప్పు. చిన్న శబ్దం వినపడదు, పెద్ద శబ్దం ఒక్కసారిగా గుచ్చుకుంటుంది, రెండింటి మధ్య జాగా తక్కువ. అతన్ని వరండాలోకి పంపి కిటికీ తీసి పెట్టాం. సిటికెన పుల్ల (సన్న పుల్ల) చప్పుడు బయటే ఆగింది, సిర్ర (లావు కర్ర) దెబ్బ మాత్రం లోపలికి వచ్చింది. ఇప్పుడు 3 ఫ్రేములు, ఎవరూ చెవులు మూయలేదు. దీనికంటే బాగా ఇంకా కుదరలేదు.

ఒక పెద్దమ్మ మాత్రం ఏం చేసినా 4 ఫ్రేముల వెనకే. డప్పు లోపలున్నా అంతే, బయటున్నా అంతే, మూడో చరణమైనా మొదటిదైనా అంతే. మెల్లగా అడిగితే, 'నేను సరిగ్గనే కొడుతున్న బిడ్డా, మీరే ముంగట కొడుతున్నరు. మా పరకాల దిక్కు వంగి లేసేటప్పుడు కొడ్తం' అంది. మళ్ళీ చూశాను. నిజంగానే ఆమె చేతులు ప్రతిసారీ నడుము లేచే చోటే కలుస్తున్నాయి, ఒక్క ఫ్రేము అటూ ఇటూ కాలేదు. ఆమె చప్పట్లని ఎడిటింగ్‌లో ముందుకి జరపను, అలాగే ఉంచుతాను.

ఇంకో తాత ఉన్నాడు, ఆజంజాహి మిల్లులో మగ్గాల మీద పనిచేసిన మనిషి. పార్కిన్సన్స్ వల్ల కుడిచెయ్యి వణుకుతుంది, చప్పట్లు సరిగ్గా కలవవు, మడమ మాత్రం అన్ని టేకుల్లోనూ దెబ్బ మీదే పడింది, మూడో చరణంలో కూడా. ఆయన పాదాన్ని దగ్గర నుంచి తీసి పెట్టుకున్నాను, ఫిల్మ్ దాంతోనే మొదలవుతుంది.

ఇక ముందు ప్లాన్. రికార్డు పాట తీసేస్తున్నాం. ఒకరు చెప్తే మిగతావాళ్ళు అందుకునేదే బతుకమ్మ పాట, దానికి స్టూడియో ట్రాక్ తెచ్చి పెట్టుకుని తిప్పలు పడటం దేనికి? వాళ్ళే పాడతారు, జూమ్ కంపెనీ సౌండ్ రికార్డర్ మధ్యలో స్టాండుకి పెడతాను, తాళం కొంచెం సాగినా అందరితో కలిసే సాగుతుంది. పాడుతూ వంగితే ఆయాసం వస్తుందని టీచర్ భయం, అందుకే చరణం మధ్య ఒక ఊపిరి చోటు పెడుతోంది.

పై నుంచి తీసే ఒకే పొడుగు షాట్ మీద మోజు కూడా తగ్గింది. ప్రయోగాత్మక ఫిల్మ్‌లు తీసే మాయా డెరెన్ 1945లో తీసిన చిన్న ఫిల్మ్‌లో డాన్సర్ అడవిలో కాలెత్తి గదిలో దించుతాడు. అక్కడ కోతలు కూడా డాన్సే. వలయం మొత్తం ఒకేసారి చూపించాలని పట్టుబట్టకుండా చేతులు, మడమలు, మెడలు కలిపి కుట్టుకుంటే 3 ఫ్రేముల తేడా ఎవరి కంటా పడదు. (జర్మన్ నృత్య దర్శకురాలు పీనా బౌష్ 2000లో 65 దాటిన మామూలు మనుషులతో తన నృత్య రూపకం 'కాంటాక్ట్‌హోఫ్' ఆడించిందని టీచర్ క్లాసులో చెప్తే, 'మా కంటే చిన్నోళ్ళే గదా' అన్నారు మనవాళ్ళు.)

చోటు ఇంకా తేలలేదు. రామప్ప శిల్పాలతో ముడిపడిన పేరిణి నాట్యం నేర్చుకున్న మనిషి కాబట్టి టీచర్ మనసంతా రామప్ప గుడి మీదే. కానీ గుడి ఆరడుగుల అరుగు మీద ఉంది, మెట్లెక్కించి కుర్చీలు వేయడం కష్టం, పైగా షూటింగ్‌కి పురావస్తు శాఖ అనుమతి కావాలి. నా ఓటు భద్రకాళి బండ్‌కి, అంటే భద్రకాళి చెరువు కట్టకి. పొద్దున ఎండ ముదరకముందు చదునైన చోటు, కూర్చోవడానికి నీడ దొరుకుతాయి. గాలి మాత్రం మైకుకి శత్రువు, దానికి బొచ్చు కవర్ కొనాలి. ఎంగిలిపూల నాటికి, అంటే బతుకమ్మ మొదటి రోజుకి, ఫిల్మ్ చేతిలో ఉండాలంటే వచ్చే ఆదివారమే చోటు చూసి రావాలి, కుర్చీలు మోయడానికి ట్రాలీ ఆటో మాట్లాడాలి. ముసురు తగ్గకపోతే మళ్ళీ ఆ హాలే, ఫ్యాన్లు మూడు మీద.