ఒకే బిల్డింగ్, ముగ్గురు కాంట్రాక్టర్లు: మా అమ్మ పీఎఫ్ తీసుకున్న అనుభవం

మా అమ్మ మాదాపూర్‌లో ఒక ఐటీ బిల్డింగ్‌లో పదకొండేళ్లు హౌస్‌కీపింగ్ చేసింది. ఆ పదకొండేళ్లలో మారింది ఒక్క ఫ్లోరే. కాగితాల మీద మాత్రం ముగ్గురి దగ్గర ఉద్యోగం చేసినట్టు. టెండర్ మారినప్పుడల్లా ఏజెన్సీ మారేది, యూనిఫాం రంగు మారేది. మాపు అదే, సూపర్‌వైజర్ కూడా అతనే. 2023లో మోకాళ్ల నొప్పులతో పని మానేశాక పీఎఫ్ డబ్బులు తీసుకుందామని కూర్చున్నాం. ఒక మనిషిని కాగితం మీద ముగ్గురికి పంచితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది.

మొదట గ్రాట్యుటీ గురించి అడిగాను, అంటే పని మానేసేటప్పుడు యజమాని ఒకేసారి ఇచ్చే మొత్తం. అప్పట్లో అమల్లో ఉన్న 1972 చట్టం ప్రకారం ఒక యజమాని దగ్గర ఐదేళ్లు నిండాలి. అమ్మకు ఏ కాంట్రాక్టర్ దగ్గరా ఐదేళ్లు నిండలేదు. ఆమె తుడిచిన క్యాబిన్లలో కూర్చునేవాళ్లకు పదకొండేళ్లంటే పదకొండేళ్లే. ఆమెకు మాత్రం టెండర్ పడిన ప్రతిసారీ లెక్క మళ్లీ సున్నా నుంచి. కాబట్టి గ్రాట్యుటీ మాట అక్కడితో సరి. మిగిలింది పీఎఫ్.

నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, ఫారాలు నాకు కొత్త కాదు. అయినా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరూ లేనివాళ్ల సంగతేంటో మీరే ఊహించుకోండి.

అమ్మ పేస్లిప్పులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డ్రమ్ము వెనక దాచింది. అవి లేకపోతే ఈ పని జరిగేదే కాదు. మొదటి కాంట్రాక్టర్ ఇచ్చిన స్లిప్పుల్లో యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్ లేదు, ఏపీ అని మొదలయ్యే పాత పీఎఫ్ నంబర్ ఉంది. యూఏఎన్ వచ్చిందే 2014లో కదా. తర్వాతి ఇద్దరూ చెరో యూఏఎన్ చేయించారు. మనిషికి ఒక్కటే ఉండాలి, కాంట్రాక్టర్ మారినా పాత నంబరే ఇవ్వాలి. కానీ కొత్త కాంట్రాక్టర్‌కు యాభై మందిని ఒక్క రోజులో ఎక్కించాలి. పాత నంబర్ ఏదని ఎవరినీ అడగడు, కొత్తది కొట్టేస్తాడు.

పేర్ల గొడవ ఇంకోటి. ఆధార్‌లో అమ్మ ఇంటిపేరు ముందుంది, పేరు చివర ‘అమ్మ’ ఉంది. ఒక పీఎఫ్ రికార్డులో ఇంటిపేరు లేదు, ఇంకోదాంట్లో చివరి ‘అమ్మ’ ఎగిరిపోయింది. పుట్టినరోజు అన్నిచోట్లా జనవరి 1, సంవత్సరాలే వేరు. మా అమ్మ తరంలో పాలమూరు పల్లెల్లో సగం మంది జనవరి 1నే పుట్టారులెండి, రికార్డు రాసినవాడి దయ. “నేను పుట్టినప్పుడు కందులు కోస్తున్నరంట, గది రాసుకొమ్మను” అంది అమ్మ. నయమేమిటంటే తేడా మూడేళ్లలోపే ఉంటే అప్పట్లో ఆధార్‌నే రుజువుగా తీసుకునేవారు.

దీనికి జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి, అంటే రికార్డు సరిదిద్దమని ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే ప్రకటన. అప్పట్లో ఆన్‌లైన్‌లో మనం పెడితే యజమాని తన లాగిన్‌లో ఒప్పుకోవాల్సి ఉండేది, తర్వాతే పీఎఫ్ ఆఫీసుకు వెళ్లేది. ఓటీపీ రావడానికి ముందు అమ్మ ఆధార్‌లో ఉన్న పాత ఫోన్ నంబర్ మార్పించాం. మొదటి కాంట్రాక్టర్ దుకాణం ఎప్పుడో కట్టేశాడు, ఆఫీసున్న చోట ఇప్పుడు టిఫిన్ సెంటర్. మూతపడిన సంస్థలకు వేరే దారి ఉంది. కాగితం ఫారం నింపి గెజిటెడ్ ఆఫీసరో, బ్యాంకు మేనేజరో, పోస్ట్‌మాస్టరో ధ్రువీకరిస్తే పీఎఫ్ ఆఫీసు తీసుకుంటుంది. ఊళ్లో హైస్కూల్ హెడ్‌మాస్టర్ గారు సంతకం పెట్టిచ్చారు.

అసలు తలనొప్పి రెండో కాంట్రాక్టర్‌తో. అతను ఉన్నాడు, వ్యాపారం నడుస్తోంది, ఫోన్ కూడా ఎత్తుతాడు. “చేద్దాం మేడం, మా అకౌంటెంట్ లీవులో ఉన్నాడు” అంటాడు. పోర్టల్‌లో మాత్రం యజమాని దగ్గర పెండింగ్ అనే చూపిస్తుంది. అమ్మ వెళ్లి అడిగితే కూర్చోమని కూడా అనలేదట. తెలిసిన నెట్ సెంటర్ అతను ఒక సలహా ఇచ్చాడు. ఇవన్నీ కలపడం ఎందుకు, దేనికది విడిగా 10సీ అనే ఫారం పెట్టి పెన్షన్ డబ్బులు కూడా లాగేద్దాం, నాకింత ఇవ్వండి అని. చేతికి ఎక్కువొస్తుందంటే అమ్మ మెత్తబడింది.

అక్కడ నేను ఒప్పుకోలేదు. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ ఖాతాకు పోతుంది. సర్వీసు పదేళ్లు ఉంటే 58 ఏళ్లకు నెల నెలా పెన్షన్ వస్తుంది, లేకపోతే ఉన్నదేదో ఒక్కసారి ఇచ్చి పంపేస్తారు. ముగ్గురి దగ్గర సర్వీసు విడివిడిగా చూస్తే ఎక్కడా పదేళ్లు లేవు. కలిపితే దాటుతుంది. లెక్క సులువే: చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. అమ్మ స్లిప్పుల్లో బేసిక్ 9,000 చుట్టూ ఉంది, పదేళ్లకు నెలకు దాదాపు 1,285 రూపాయలు. పెద్ద మొత్తం కాదు, నిజమే. కానీ ఒకరి దయతో పని లేకుండా చచ్చేదాకా వచ్చేది. “నెలకు గంతేనా?” అంది అమ్మ. ఆమె అడిగింది న్యాయమే. జీతంలో బేసిక్ తక్కువ చూపించి మిగతాది అలవెన్సుల్లో వేస్తే ఇంతే వస్తుంది. అలా అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులను పీఎఫ్ లెక్కలోంచి తప్పించకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది, మా స్లిప్పుల దాకా మాత్రం ఆ తీర్పు రాలేదు. పైగా కాంట్రాక్టర్ వాటా కూడా ‘సీటీసీ’ (కంపెనీకి ఉద్యోగి మీద అయ్యే మొత్తం ఖర్చు) అనే పేరుతో అమ్మ జీతంలోంచే కోశారు. అది చట్ట ప్రకారం తప్పు.

చివరికి పని జరిపించింది వేరే దారి. కాంట్రాక్టు కార్మికుల పీఎఫ్‌కు బాధ్యత కాంట్రాక్టర్‌తో ఆగదు, పని చేయించుకున్న అసలు కంపెనీ, అంటే ప్రిన్సిపల్ ఎంప్లాయర్ కూడా బాధ్యుడే అని 1952 నాటి పీఎఫ్ స్కీమ్ 30వ పేరా చెబుతోంది. ఆ బిల్డింగ్ ఫెసిలిటీస్ మేనేజర్‌కు ఇంగ్లిషులో, పేరా నంబర్‌తో సహా ఒక మెయిల్ రాశాను. పేస్లిప్పుల ఫొటోలు జతచేశాను. వారం తిరక్కుండా కాంట్రాక్టర్ లాగిన్‌లో అప్రూవ్ అయింది. అకౌంటెంట్ లీవు నుంచి వచ్చేసినట్టున్నాడు. అమ్మ సంతోషపడింది కానీ నాకు ఒళ్లు మండింది. ఆమె పదకొండేళ్ల చాకిరీకి కదలని మనిషి, పై కంపెనీ నుంచి వచ్చిన ఒక్క ఫోనుకు కదిలాడు. మరుసటి టెండర్ పోతుందని భయం, అంతే.

అదే బిల్డింగ్‌లో అమ్మతో పనిచేసినవాళ్లు చాలామంది ఆ పాత ఖాతాలను వదిలేశారు. దీన్ని హౌస్‌కీపింగ్ గోలగానే చూడకండి. వార్షిక పరిశ్రమల సర్వే ప్రకారం ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టు వాళ్లు 2000ల మొదట్లో 20 శాతం దగ్గర ఉండేవారు, ఇప్పుడు 40 శాతం దాటారు. ఫ్యాక్టరీల్లోనే ఇలా ఉంటే అమ్మలాంటి వాళ్ల సంగతి చెప్పేదేముంది.

రికార్డులు ఒక దారికొచ్చాక మిగతాది తొందరగానే అయింది. పని మానేసిన తేదీ కాంట్రాక్టర్ వేయలేదు, చివరి చందా పడ్డ రెండు నెలల తర్వాత మనమే ఆధార్ ఓటీపీతో వేసుకోవచ్చు, వేసేశాం. పాత ఖాతాలను చివరి యూఏఎన్‌లోకి ట్రాన్స్‌ఫర్ చేసి, ఫారం 19తో పీఎఫ్, 10సీతో డబ్బులకు బదులు స్కీమ్ సర్టిఫికెట్, అంటే పెన్షన్ కోసం సర్వీసు లెక్కను నిలిపి ఉంచే పత్రం అడిగాం. పీఎఫ్ డబ్బులు అమ్మ ఖాతాలో పడ్డాయి. అందులో కొంత మోకాళ్లకు పోయింది, కొంత చిట్టీ అప్పుకు పోయింది. సర్టిఫికెట్ పోస్టులో వచ్చింది, 58 నిండాక దాన్ని జతచేసి పెన్షన్ కోసం 10డీ ఫారం పెట్టాలి.

ఒకటి మాత్రం తేలలేదు. పాస్‌బుక్‌కూ స్లిప్పులకూ ముడిపెట్టి చూస్తే రెండో కాంట్రాక్టర్ చివరి ఏడాదిలో కొన్ని నెలల పీఎఫ్ జీతంలో కోశాడు గానీ ఖాతాలో కట్టలేదు. పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్‌లో స్లిప్పులు పెట్టి కంప్లైంట్ ఇచ్చాను. అదే కాలంలో పనిచేసిన ఇంకో నలుగురు ఆడవాళ్ల స్లిప్పులు కూడా పోగు చేస్తున్నాను. ఒక్కరిదైతే పొరపాటంటారు, అయిదుగురివి ఒకేలా ఉంటే అనలేరు. ఇద్దరి దగ్గర స్లిప్పులు దొరికాయి, మూడో ఆమె ఊరికి పోయి వెతుకుతానంది.