వైడూర్యం ఇక్కడ రురి అయింది

మా అమ్మాయి టోక్యోలో పుట్టింది. స్వాతి నక్షత్రం, మొదటి పాదం. అత్తయ్యగారు తెనాలిలో పంచాంగం చూసి, "రూ అక్షరం వచ్చిందమ్మా, రుక్మిణి అని పెట్టుకోండి" అన్నారు. అది ఆవిడ అత్తగారి పేరు. ఇక్కడేమో పుట్టిన 14 రోజుల్లోగా వార్డు ఆఫీసులో జననం నమోదు చేయించాలి. మా ఇళ్ళలో బారసాల 21వ రోజున చేస్తారు. ఆలోచించి 11వ రోజుకే ముహూర్తం పెట్టించాం.

ఆ వారంలోనే మా ఎదురింటావిడ పాపను చూడటానికి వచ్చింది. అనుకున్న పేరు చెబితే ఎంతో శ్రద్ధగా "రుకుమిని" అంది. జపనీస్ లిపిలో క్ పక్కనే మ రాయడం కుదరదు, మధ్యలో ఉకారం వచ్చి తీరుతుంది. ణ అసలే లేదు. "మీకు రు కావాలంటే రురి ఉంది కదా, అందమైన నీలిరంగు రాయి పేరు" అంది. పేరు చెవికి ఇంపుగానే ఉంది, కానీ మనది కాదే అనిపించింది. రాత్రి పాపకు పాలు పడుతూ ఆ మాట పుట్టుక వెతికాను. సంస్కృతంలో వైడూర్యం, పాళీలో వేళురియ. బౌద్ధ గ్రంథాలతో పాటు చైనా చేరి, అక్కడ రెండక్షరాలకు కుదించుకుని, జపాన్‌కు వచ్చేసరికి రురి అయింది. నారాలోని యకుషి-జి ఆలయంలో కొలువైన బుద్ధుడు మన భైషజ్యగురువే, అంటే రోగాలు నయం చేసే బుద్ధుడు. ఆయన పూర్తి పేరులో కూడా ఈ రురి ఉంది. ఇక్కడ దాన్ని ముదురు నీలం రాయిగా ఎంచుతారు, మనకేమో వైడూర్యమంటే పిల్లికన్ను రాయి. రాయి మారినా మాట మాత్రం మనదే. ఒంటిగంటప్పుడు మా ఆయన్ని నిద్రలేపి మరీ చెప్పాను.

అత్తయ్యగారు వెంటనే ఒప్పుకోలేదు. "వైడూర్యం కేతువు రాయి కదమ్మా" అన్నారు. కాసేపాగి, "సరే, బియ్యంలో మాత్రం ముందు రుక్మిణి అని రాయండి" అన్నారు. అలాగే పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పైన రుక్మిణి, కింద రురి అని ముమ్మారు రాశాం.

జపాన్‌లో పేరు అర్థం శబ్దంలో ఉండదు, రాతలో ఉంటుంది. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మనకు పద్మ అని వినగానే తామర కనిపిస్తుంది. ఇక్కడ హరుతో అని వింటే ఏమీ తేలదు, ఏ కంజీలతో, అంటే చైనా నుంచి వచ్చిన ఏ అక్షరాలతో రాశారో చూడాలి; ఒక్కో దానికి ఒక్కో అర్థం ఉంటుంది. ఒకింట్లో అది ఎండ, ఎగరడం. ఇంకో ఇంట్లో మొదటి అక్షరమే వేరు. రెన్ అనే మగపిల్లలు ఎక్కడ చూసినా ఉంటారు, తామర అన్న ఒక్క అక్షరంతో రాసేవాళ్ళు చాలామంది. పేర్లకు వాడదగిన కంజీలు సుమారు 3,000 ఉంటే, వాటిలో వెతికి, గీతలు లెక్కపెట్టి మంచీచెడ్డా చూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మనం పాదం చూసి అక్షరం పట్టినట్టే. ఏడో రోజు రాత్రి ఆ పేరును కుంచెతో కాగితం మీద రాసి గోడకు తగిలిస్తారు.

మా రురికి ఆ అక్షరాలు లేవు. విదేశీ బిడ్డ కాబట్టి జపనీస్‌లో రాసేటప్పుడు కటకానా అనే శబ్దలిపిలోనే రాస్తారు. రు, రి. శబ్దమే తప్ప అర్థం కనబడదు. ఈ లోటు రెండో తరగతిలో బయటపడింది. మీ పేరు ఎలా వచ్చిందో ఇంట్లో అడిగి రాసుకురమ్మని ఓ కాగితం ఇచ్చి పంపారు. పక్క సీటు అబ్బాయి పేరు మినతో, రేవు అని అర్థమట. మనుషులు వచ్చి కలిసే చోటు కావాలని పెట్టారని వాడు చెప్పాడట. ఇది ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండా, "అమ్మా, నా పేరుకి కంజీ ఏదీ?" అని అడిగింది. నా గుండె కలుక్కుమంది.

వంటగదిలో బల్ల దగ్గర కూర్చోబెట్టి రురి కంజీలు రెండూ పెద్దగా రాసి చూపించాను. రెండింటికీ ఎడమ పక్కన రత్నం గుర్తు ఉంటుంది. దాన్ని వేలితో దిద్దింది. కింద తెలుగులో వైడూర్యం అని రాశాను. దాని కింద, అడక్కుండానే, రుక్మిణి అని రాసి తాతమ్మ కథ చెప్పాను. కాగితంలో గడి చిన్నది, మూడూ పట్టవు. వెనక్కి తిప్పి అక్కడ రాసుకుంది. వైకి ఐత్వం రెండుసార్లు చెరిపి రాసింది. క్మి దగ్గర మాత్రం, కంజీ నేర్చుకునేటప్పుడు లెక్కపెట్టినట్టు, ఎన్ని గీతలని నన్నడిగింది.

మర్నాడు సాయంత్రం తెనాలికి ఫోన్ చేసి కాగితం కెమెరా ముందు పెట్టింది. అత్తయ్యగారు కళ్ళజోడు తెచ్చుకుని, కిందనుంచి మొదలుపెట్టి చదివారు.