బియ్యం డబ్బాలో ఫోన్లు

2024 మే 11, రాత్రి పదకొండున్నర. సాయంత్రంతో ఎన్నికల ప్రచారం మైకులు బంద్ అయ్యాయి, ఇన్నాళ్ళ తర్వాత మా హాల్లో ఫ్యాన్ చప్పుడు మాకు వినపడుతోంది. హాయిగా పడుకోవాల్సిన రాత్రి. కానీ పొద్దుటి సంగతి ఇంకా కడుపులో దేవుతూనే ఉంది, ఇక్కడ కక్కేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

మా చిన్నాయన ఫార్వర్డ్ మెసేజ్‌ల గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది. నిన్న రాత్రి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గర్నుంచి పోతాయంట, ఫోన్లు ఆఫ్ చేసి ఒంటికి దూరంగా పెట్టాలంట, సింగపూర్ టీవీలో చెప్పారంట, నాసా కూడా చెప్పిందంట. ఈ మెసేజ్ నాకు పాత చుట్టమే. తారీఖు ఉండదు, ఉత్త "ఈ రాత్రి" అని ఉంటుంది కాబట్టి ఎన్నేళ్ళైనా పాడవదు, అమ్మ పెట్టిన మామిడికాయ పచ్చడి కూడా అన్నాళ్ళు నిలవ ఉండదు. నవ్వుకుని పడుకున్నా.

అమ్మ పడుకోలేదు. మేమంతా నిద్రపోయాక లేచి ఇంట్లో ఉన్న నాలుగు ఫోన్లూ, చార్జింగులో ఉన్న నాది కూడా పీకి, ఆపేసి, పాత చీర ముక్కలో మూటగట్టి, బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. స్టీలు డబ్బాలోకి కిరణాలు దూరవని ఆమె లెక్క. ఇది చిన్నాయన మెసేజ్‌లో లేదు, అమ్మ సొంత పరిశోధన. నిజానికి మూత బిగించిన స్టీలు డబ్బాలోకి సెల్ సిగ్నల్ దూరడం కష్టమే, అందుకే ఆమెతో వాదన గెలవలేకపోయా.

పొద్దున లేచేసరికి ఎనిమిదిన్నర, శనివారం కదా. ఫోన్ లేదు. అమ్మ గుడికి పోయింది. నలుగురం పరుపులు ఎత్తి, సోఫా జరిపి, ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకున్నాం, రింగ్ ఇద్దామంటే రింగ్ ఇవ్వడానికి ఫోన్ ఏదీ. అమ్మ తొమ్మిదీ నలభైకి వచ్చి, చెప్పులు విడుస్తూ, "బియ్యంల వెట్టిన" అంది. ఏదో పెరుగు ఫ్రిజ్‌లో పెట్టిన అన్నట్టు.

ఆన్ చేస్తే చెల్లెవి పదకొండు మిస్డ్ కాల్స్. "అన్నా లెవ్వు." "అన్నా వీడియో కాల్ ఎత్తు, మా ఆకాశం సూడు." "అన్నా ఏడ సచ్చినవ్." అమెరికాలో మినియాపోలిస్‌లో అప్పుడు శుక్రవారం రాత్రి, అరోరా చూడ్డానికి, అంటే రాత్రి ఆకాశంలో వెలిగే రంగులు చూడ్డానికి, వాళ్ళ వీధి వీధంతా బయటికొచ్చి నిలబడిందంట. నేను తిరిగి చేసేసరికి వీడియోలు తీసీ తీసీ దాని ఫోన్ చచ్చిపోయింది, పిల్లలు నిద్రకి ఏడుస్తుంటే ఇంట్లోకి పోయింది. ఇరవయ్యేళ్ళకి ఒకసారి వచ్చే తుఫాను, గాలివానది కాదు, సూర్యుడి నుంచి వచ్చి భూమి అయస్కాంతాన్ని కుదిపేది. తుఫానుల స్కేల్లో ఐదే మెట్లు, ఇది ఐదోది, ఇంతకుముందు ఆ మెట్టు ఎక్కింది 2003 అక్టోబర్‌లో. లైవ్‌లో చూడాల్సినవాణ్ణి పరుపు కింద ఫోన్ వెతుక్కుంటూ కూర్చున్నా.

అది చాలదన్నట్టు టీవీ. పొద్దున్నుంచీ ఒకటే పాట, సూర్యుడి మంట వచ్చి భూమిని తాకిందని. మా చిన్నోడు కూడా "డాడీ, ఫ్లేర్ అంటే అరోరానేనా" అని మొదలెట్టాడు. కాదు రా అయ్యా. సూర్యుడి మచ్చల దగ్గర అయస్కాంత క్షేత్రం పురి ఎక్కువెక్కిన తాడులా మెలికలు పడి, పుటుక్కున తెగి ఇంకోలా అతుక్కుంటుంది, అప్పుడు ఆ బిగువంతా ఒక్కసారి వెలుగుగా, ఎక్స్ కిరణాలుగా బయటపడితే అది ఫ్లేర్. వెలుగు కాబట్టి ఎనిమిది నిమిషాల పైచిలుకులో ఇక్కడికొచ్చేస్తుంది, పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియో నోరు కాసేపు నొక్కుతుంది. ఆకాశానికి రంగులెయ్యడం దాని పని కాదు. ఆ పని సీఎంఈది (కరోనల్ మాస్ ఎజెక్షన్), అంటే సూర్యుడి కరోనాలోంచి, అదే సూర్యుడి చుట్టూ ఉండే బయటి పొరలోంచి, వందల కోట్ల టన్నుల ప్లాస్మా, అంటే కరెంటు పారే వేడి వాయువు, దాని అయస్కాంతంతో సహా ఊడిపోయి బయల్దేరడం. అది నిదానంగా ఒకటి నుంచి మూడు రోజులు తీసుకుని వస్తుంది. పెద్ద ఫ్లేర్‌తో తరచుగా సీఎంఈ కూడా బయల్దేరుతుంది గానీ ప్రతి ఫ్లేర్‌కీ బయల్దేరదు. ఈసారి 3664 అనే మచ్చల గుంపు, పదిహేను భూములు వరసగా పెట్టేంత వెడల్పుది, బుధవారం నుంచి సీఎంఈలు ఒకదాని వెనక ఒకటి వదిలింది, వెనకవి ముందువాటిని దారిలో అందుకున్నాయి.

సీఎంఈ వచ్చినా సరిపోదు. దాని అయస్కాంతం దక్షిణం వైపు తిరిగుంటేనే మన భూమి చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం తలుపు బాగా తెరుచుకుంటుంది, ఉత్తరం వైపుంటే చాలావరకు పక్కనుంచి జారుకుంటుంది. ఎటు తిరిగుందో తెలిసేది అది మనకి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరం దాకా వచ్చాకే, మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న ఎగిరిన, సూర్యుణ్ణి చూసే ఆదిత్య ఎల్1 ఉన్నది అక్కడే. అక్కడ తెలిశాక మనకి గంట టైం కూడా ఉండదు. ఇక తలుపు తెరుచుకుంటే భూమి వెనక, రాత్రి వైపు, తోకలా సాగిన క్షేత్రం తెగి అతుక్కుని ఎలక్ట్రాన్లని ధ్రువాల వైపు కిందికి తోస్తుంది, అవి గాలిని కొడితే వెలుగు. వంద కిలోమీటర్ల పైన ఆక్సిజన్ ఆకుపచ్చ, రెండొందలు దాటితే అదే ఆక్సిజన్ ఎరుపు, కింది అంచున నైట్రోజన్ ఊదా గులాబీ.

లద్దాఖ్‌లో హాన్లే అబ్జర్వేటరీ కెమెరాలకి కూడా రాత్రి ఎర్రగా పడింది. ఎరుపొక్కటే ఎందుకంటే అంత దక్షిణం నుంచి చూసేవాళ్ళకి కింది రంగులన్నీ భూమి వంపు చాటునే ఉండిపోతాయి, పై అంతస్తు మాత్రం కనపడుతుంది. మన హైదరాబాద్‌కి ఆ పై అంతస్తు కూడా లేదు. అలాగని మనల్ని వదిలిందా అంటే అదీ లేదు. ఈ తుఫాన్లప్పుడు భూమధ్యరేఖ పైన వేల కిలోమీటర్ల ఎత్తులో భూమి చుట్టూ వడ్డాణం లాగా ఒక కరెంటు పారుతుంది, దాంతో మన దగ్గర భూమి అయస్కాంతం కాస్త తగ్గుతుంది. నేను రోజూ బండి మీద పోయే దారిలో ఎన్‌జీఆర్‌ఐ, అదే భూమి మీద పరిశోధన చేసే సంస్థ, ఉందా, అక్కడి అయస్కాంతం కొలిచే పరికరాలు పట్టేది ఇదే. 1859లో వచ్చిన ఇలాంటి సూర్యుడి తుఫానప్పుడు బొంబాయిలో కొలాబా అబ్జర్వేటరీ రాసిపెట్టుకున్న గీత కూడా ఇలాంటి పతనమే, ఇప్పటికీ ఆ తుఫాను సైజు అంచనా కట్టాలంటే ఆ గీతనే చూస్తారు.

సరే, అమ్మ దగ్గరికొద్దాం. అమ్మ నాకు సూర్యుణ్ణి ఎగ్గొట్టడం ఇది రెండోసారి. 1980 ఫిబ్రవరి 16, అదీ శనివారమే. సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా మా ఊరి మీదుగా. మా ఊరికి జాపాల్ రంగాపూర్ అబ్జర్వేటరీ సైకిలు దూరం, ఎక్కడెక్కడి సైంటిస్టులో పెట్టెలకి పెట్టెలు దించుకున్నారు అక్కడ. నాకు ఎనిమిదేళ్ళు. అమ్మ ఏం చేసిందంటే మధ్యాహ్నమే అందరికీ అన్నాలు పెట్టేసి, నీళ్ళ కుండల్లో, పచ్చడి జాడీల్లో దర్భలేసి, కిటికీ సందుల్లో పాత బట్టలు కుక్కి, కడుపుతో ఉన్న చిన్నమ్మని చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలు ముడవొద్దు, గోక్కోవద్దు అని చెప్పి, తలుపుకి వీపానించి కూర్చుంది. నేను ఏడ్చా. చీకట్లో చిన్నమ్మ "నాకు కాలు గుంజుతుంది అక్కా" అని ఏడ్చింది. నాలుగు కావస్తుండగా బయట కాకులు అరిచి అరిచి ఒక్కసారి ఆగాయి. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది, రెండు నిమిషాల చిల్లర, అంతే, మళ్ళీ కోడి కూసింది. గ్రహణం నేను విన్నా, చూడలేదు.

ఇంట్లోంచి ఒక్కడు మాత్రం గోడ దూకి సైకిలేసుకుని పోయాడు. డిగ్రీ చదువుతుండె అప్పుడు. తిరిగొచ్చి, తాత చేతిలో నాలుగు తిని, రాత్రి మా పిల్లలందరికీ చెప్పాడు, నల్లటి గుండ్రం చుట్టూ తెల్లటి వెంట్రుకలు, అన్ని దిక్కులా లేచి ఉన్నాయిరా, పట్టపగలు చుక్కలు పొడిచాయిరా అని. నాకు ఆకాశం పిచ్చి పట్టిందే ఆ రాత్రి.

అవును. చిన్నాయనే.

ఇది టైప్ చేస్తుంటే కోపం ఒకరి మీంచి ఇంకొకరి మీదికి మారింది. అమ్మకి అప్పుడు ఇరవయ్యారేళ్ళు, తలుపుకి వీపానించి కూర్చుంది అంటే తను కూడా చూడలేదనే కదా, నలభై నాలుగేళ్ళుగా నేను నా వాటా ఒక్కటే లెక్కేసుకున్నా. కానీ ఆయన? కళ్ళారా కరోనాని చూసొచ్చినవాడికి సింగపూర్ టీవీ దేనికి?

ఇంకో చిక్కు కూడా ఉంది. తుఫాను మొదలైంది మన టైంలో నిన్న రాత్రి పదిన్నర ప్రాంతంలో. ఏటా వచ్చే అబద్ధం, ఈసారి కాకతాళీయంగా తుఫాను రాత్రే వచ్చి వాలింది. ఫోన్లకి ఏమీ కాదు, నిజమే, ఇలాంటి తుఫాను దెబ్బ తగిలేది వందల కిలోమీటర్ల కరెంటు లైన్లకి, ఉపగ్రహాలకి. 1989 మార్చిలో కెనడాలో క్విబెక్ గ్రిడ్ నిమిషంన్నరలో కూలిపోయి అరవై లక్షల మంది గంటల తరబడి చీకట్లో కూర్చున్నారు. భయపడాల్సింది ఏదో ఒకటుందని చిన్నాయన అన్నది తప్పు కాదు, దేనికి భయపడాలో అన్నదే తప్పు. ఈ మాట ఆయనకి చెప్తే గెలిచానంటాడు, అందుకని చెప్పను.

మధ్యాహ్నం ఒక మంచి పని జరిగింది. రెండేళ్ళ కింద అక్టోబర్ గ్రహణానికి కొన్న కాగితం కళ్ళద్దాలు దొరికితే మేడెక్కా, అమ్మ వడియాలు తీసుకోడానికి వచ్చింది, కళ్ళకి పెట్టా. వద్దు వద్దంటూనే చూసింది. పడమటి అంచు దగ్గర ఆ మచ్చ. "నల్లపూస లెక్క ఉంది" అంది. మళ్ళీ అడిగి తీసుకుని ఇంకోసారి చూసింది.

చెల్లె ఫోటోలు సాయంత్రానికి గ్రూపులో పడ్డాయి. కంటికి ఇంత గులాబీ లేదన్నా, మసక తెలుపులో కొంచెం రంగు కలిపినట్టుండె, ఫోన్ కెమెరా ఎక్కువ చూసింది అని అదే ఒప్పుకుంది. దాని కింద పదకొండింటికి చిన్నాయన పెట్టాడు, ఫార్వర్డ్ కాదు, సొంతంగా టైప్ చేసింది, "అప్పుడు నేను జూసింది తెల్లగుండె. గిది గులాబి ఉన్నది. రెండూ ఒకటేనా బిడ్డా?"

ఒకటి కాదు చిన్నాయనా, కానీ నువ్వు చూసిన ఆ తెల్ల వెంట్రుకల్లోంచి ఊడొచ్చేదే ఇది. ఇంతవరకు రాసి చెరిపేశా, మళ్ళీ రాశా, మళ్ళీ చెరిపేశా. రేపు పొద్దున ఫోన్ చేసి చెప్తా, ఫోన్ చేతిలో ఉంటే. తుఫాను ఇంకా తగ్గలేదని అమ్మ ఎక్కడో విన్నట్టుంది, మూడు ఫోన్లు అప్పుడే లోపలికెళ్ళాయి. వంటింట్లో డబ్బా మూత చప్పుడవుతోంది, ఇక నాలుగో దాని కోసం ఇటే వస్తుంది.